పుస్తకం బొమ్మల తుది ఫైళ్లు పంపే ముందు

గడువు దగ్గరపడేకొద్దీ స్వతంత్ర చిత్రకారుల దృష్టంతా గీతలూ రంగులూ సరిదిద్దుకోవడం మీదే ఉంటుంది. ఫైలు పంపే ముందు ఈ కొన్నింటిని తప్పక చూసుకోండి.

వాడుక హక్కులు రాతలో ఉండాలి. బొమ్మను ఏ పుస్తకానికి, ఎన్ని ముద్రణలకు, ఎంతకాలం వాడుకోవచ్చో స్పష్టంగా రాసుకోకుండా పంపితే, అదే బొమ్మ తర్వాత సంచి మీదో ప్రకటనలోనో కనిపించినప్పుడు అదనపు పారితోషికం అడగడానికి చేతిలో ఆధారం ఉండదు. అన్ని హక్కులూ రాసివ్వమంటే దానికి ధర వేరుగా ఉండాలని నా దృఢమైన అభిప్రాయం.

పారితోషికంలో మిగిలిన సొమ్ము అందేవరకు తక్కువ రిజల్యూషన్ ప్రతినే చూపండి. పూర్తి ఫైలు చేరాక గట్టిగా అడిగే అవకాశం తగ్గుతుంది.

లేయర్లున్న, అంటే బొమ్మ భాగాలు విడివిడి పొరలుగా ఉండే, మూల ఫైలును, ఒప్పందంలో లేకపోతే, ఇవ్వకండి. దానితో మీ బొమ్మను ఎవరైనా సులువుగా మార్చేయగలరు.

రంగులను సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగు పద్ధతిలో, ఒకసారి చూడండి. తెర మీది రంగు కాంతితోనూ, కాగితం మీది రంగు సిరాతోనూ ఏర్పడుతుంది కనుక, మెరిసే నీలాలు, ఆకుపచ్చలు అచ్చులో మందగిస్తాయి. ఏ కలర్ ప్రొఫైల్ (ఆ ముద్రణకు తగిన రంగుల అమరిక) వాడాలో ముద్రణాలయాన్నే అడగడం మేలు.

అచ్చయ్యే కొలతలో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. చిన్న బొమ్మను సాగదీస్తే అంచులు మసకబారతాయి.

పేజీ అంచు దాటి సాధారణంగా 3 మిల్లీమీటర్ల వరకు బొమ్మను పొడిగించండి. కోతలో కాస్త తేడా వచ్చినా తెల్లగీత పడదు.

తోటి చిత్రకారులకు చూపాలనుకుంటే ప్రచురణకర్త అనుమతి ముందే తీసుకోండి, ఎందుకంటే విడుదలకు ముందే బొమ్మ బయటపడటం ఒప్పంద ఉల్లంఘన కావచ్చు.