కాలి సిరల పరీక్షకు వెళ్లే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వస్తున్నా, ఓపీ చీటీ కోసం వేచి ఉండకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ కాలిని ఎవరిచేతా పిసికించుకోరాదు.

మిగిలినవారికి సూది గుచ్చకుండానే, ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌తోనో, చర్మంపై అంటించే కాంతి సెన్సర్‌తోనో సిరల పనితీరు చూస్తారు. నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరల పీడనం సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నడిచేటప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టడం వల్ల ఆరోగ్యవంతులలో అది 30 లోపుకు దిగుతుంది. అందుకే రక్తం వెనక్కి జారుతోందా అన్నది పరీక్షించేటప్పుడు నిలబెట్టి, బరువంతా రెండో కాలిపై మోపమంటారు. కళ్లు తిరిగే అలవాటున్నవారు ఆ మాట ముందే చెప్పాలి. పొట్టలోని సిరలు కూడా చూస్తామంటే తప్ప పరగడుపున వెళ్లనవసరం లేదు. ఇడ్లీ తిని, మంచినీళ్లు తాగి వెళ్లవచ్చు.

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వచ్చిన మర్నాడే పరీక్ష పెట్టుకోకపోవడం మేలని నా అభిప్రాయం. పిక్కలు పట్టేసి ఉంటే పరీక్షలో మడమలు ఎత్తి దించమన్నప్పుడు సరిగా చేయలేరు. కాలికి కొబ్బరినూనె రాయకూడదు. గదిలో ఏసీ చల్లదనానికి సిరలు ముడుచుకుంటాయి కనుక చలిగా ఉంటే మొహమాటపడకుండా దుప్పటి అడగాలి. పుండు ఉంటే ముందే చూపించాలి. బిగుతు మేజోళ్లను ఎప్పుడు తీయాలో డాక్టరును అడగాలి. రక్తం పలుచబరిచే మాత్రలను సొంతంగా మానరాదు.