పరుగు పాఠాలు – 4: అందరికీ వందేనా?

పోయిన పాఠంలో 100, 200, 400 మీటర్ల పరుగుల టైమింగ్‌లు తీయమన్నాను. వచ్చినవి చూస్తే ఊరూరా స్ప్రింటర్లే (తక్కువ దూరాల మెరుపు పరుగువాళ్లే)! ఎనిమిదో తరగతి పిల్లాడికి వందకి 11.6 అట, వాడికే 400కి 74 సెకన్లు. వందలో అంత వేగం, 400లో ఇంత నెమ్మది, రెండూ పొసగవు. ఇలాంటివి ఒకటీ రెండూ కావు. హర్డిల్స్ పాఠం వాయిదా. ముందు ఈ వాచీ గొడవ తేల్చుకుందాం. వార్మప్ గురించి, మైదానాన్ని టేపుతో కొలవడం గురించి మళ్లీ చెప్పను.

స్టార్ట్ దగ్గర ఒకరు విజిల్ ఊదుతారు. ఫినిష్ దగ్గర ఫోన్ పట్టుకున్న స్నేహితుడు అది విని స్టాప్‌వాచ్ నొక్కుతాడు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే వంద మీటర్ల అవతల అతని చెవిన పడేసరికే 0.3 సెకను అయిపోయింది. విని నొక్కడానికి పట్టే ఆలస్యం దానికి అదనం. ఫినిష్‌లో మాత్రం మీరు వస్తూ కనిపిస్తుంటారు కాబట్టి ఆలస్యం ఉండదు, ఒక్కోసారి గీత దాటకముందే నొక్కేస్తాడు. అలా అర సెకను ఉత్తపుణ్యానికి కలిసొస్తుంది. 400 మీటర్ల ట్రాక్‌లో ఒక రౌండు పరుగెత్తితే స్టార్టూ ఫినిషూ ఒకచోటే, విజిల్ పక్కనే మోగుతుంది. అక్కడ ఆ 0.3 దొరకదు. అందుకే వందలోనే మీరు మెరుపులా కనిపిస్తున్నారు.

విజిల్ పక్కన పెట్టండి. స్టార్టర్ తల పైన రెండు చెక్కలు కొట్టాలి. వాచీ ఉన్నవాడు చెక్కలు కలవడం చూసి నొక్కాలి, చప్పుడు విని కాదు. ఛాతీ గీత దాటగానే ఆపాలి. తల కాదు, కాలు కాదు. ఇంత చేసినా చేతి వాచీ ఎలక్ట్రానిక్ కంటే పావు సెకను దాకా తక్కువే చూపిస్తుంది.

ఇక ఈవెంట్ సంగతి. మీ 200 టైమింగ్‌ని రెట్టింపు చేసి, 400 టైమింగ్‌లోంచి తీసేయండి. తేడా ఎంత తక్కువైతే వేగం అంత దూరం నిలుస్తోందన్నమాట. ఒక అమ్మాయికి 200కి 29, 400కి 63 అయితే తేడా 5. ఆ అమ్మాయిని నేనైతే వెంటనే 800లో దింపుతాను. ఒక అబ్బాయికి 26.5, 66 అయితే తేడా 13. వాడు 100, 200 చూసుకోవాలి. ఆరుకీ పదికీ మధ్య ఉంటే 400. ఇది శాస్త్రం కాదు, బడి పిల్లలకి నేను వాడే లెక్క. నాకు 400 మీద కాస్త పక్షపాతం ఉందని కూడా కలుపుకోండి.

పదమూడేళ్లకి తేలింది పదిహేడుకి మారొచ్చు. హిమా దాస్ మొదట 100, 200 పరుగెత్తేది. 2018లో టాంపెరేలో ప్రపంచ అండర్-20 స్వర్ణం వచ్చింది 400లో. పి.టి. ఉష 1980 మాస్కోలో స్ప్రింటర్. 1984 లాస్ ఏంజెలిస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోయింది 400 హర్డిల్స్‌లో. మన విశాఖ జ్యోతి యర్రాజీ గురించి హర్డిల్స్ పాఠంలో వివరంగా చెబుతాను.

అభ్యాసం: సోమవారం 100 రెండుసార్లు, మధ్యలో పావుగంట విశ్రాంతి. బుధవారం 200. శనివారం 400, సగం దూరంలో మరొకరిని నిలబెట్టి స్ప్లిట్ (అక్కడిదాకా పట్టిన టైమ్) తీయించండి. మీ 200 బెస్ట్‌కీ ఆ స్ప్లిట్‌కీ సెకను కూడా తేడా లేకపోతే మొదట్లోనే ఊపిరి పారబోసుకున్నారన్నమాట. ఆ 400 చెల్లదు, వచ్చే శనివారం మళ్లీ. స్ప్లిట్ లేని టైమింగ్ నేను చూడను.