తెలుగు ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, ఆఫర్లు పుష్ నోటిఫికేషన్‌లో పంపండి

ఆఫర్ మెసేజ్ తెలుగులో రాశాక అక్షరాలు లెక్కపెట్టండి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 పడితే తెలుగులో 70 మాత్రమే. దాటితే 67 చొప్పున ముక్కలు చేసి, ముక్కముక్కకీ బిల్లు వేస్తారు. పైగా గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ విడిగా లెక్కకొస్తాయి: 'స్త్రీ' ఒక్కటే ఆరు! ఇంగ్లిష్ మెసేజ్‌లో రూపాయి గుర్తు ఒక్కటి పడినా మొత్తం ఈ 70 లెక్కలోకే జారుతుంది.

మీ యాప్ నుంచి ఫోన్‌లో కనబడే పుష్ నోటిఫికేషన్‌కి ఈ బాధ లేదు, బొమ్మ కూడా పెట్టొచ్చు. కాకపోతే ఆండ్రాయిడ్ 13 నుంచి కస్టమర్ అనుమతిస్తేనే కనబడుతుంది. యాప్ తెరవగానే అడిగితే 'వద్దు' నొక్కేస్తారు. మొదటి ఆర్డర్ అయ్యాక అడగండి. పుష్ పంపే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో టీటీఎల్ (మెసేజ్ ఎంతసేపు చెల్లుతుందో చెప్పే గడువు) పెట్టడం మరవొద్దు. పెట్టకపోతే ఫోన్ ఆఫ్‌లో ఉన్నవాళ్లకోసం నాలుగు వారాల దాకా దాస్తుంది, నిన్న అయిపోయిన ఆఫర్ ఇవాళ మోగుతుంది. విలువ సెకన్లలో ఇవ్వాలి: ఆరు గంటలకి '21600s'.

ఓటీపీ, డెలివరీ కబురు మాత్రం ఎస్సెమ్మెస్‌లోనే. డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లు నమోదు చేసే టెలికాం వ్యవస్థలో) నమోదైన టెంప్లేట్‌కి, అంటే మెసేజ్ నమూనాకి, ఒక్క మాట తేడా వచ్చినా టెలికాం ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. లింకు ఉంటే అదీ ముందే వైట్‌లిస్ట్ చేయించాలి, అంటే అనుమతి జాబితాలో చేర్పించాలి.