స్టోమా బ్యాగ్‌తో ఈతకు వెళ్లే ముందు

మలమో మూత్రమో బయటికి రావడానికి ఆపరేషన్ చేసి పొట్టమీద పెట్టిన దారే స్టోమా, దాని మీద అతికించుకునే సంచే స్టోమా బ్యాగ్. ఆ ఆపరేషన్ గాయం పూర్తిగా మాని, డాక్టరు సరే అనేదాకా నీళ్ల జోలికి పోవద్దు.

బ్యాగ్ అప్పటికప్పుడు మార్చుకుని పూల్‌కి పరుగెత్తకండి. మన తిరుపతి ఎండలకి చెమట పట్టిన చర్మం మీద జిగురు నిలవదు, అందుకే ముందురోజు రాత్రే పొడిగా తుడిచి అతికించి, కాసేపు అరచేయి ఆనించి ఉంచితే ఆ వేడికి అంచులు గట్టిగా పట్టుకుంటాయి. నమ్మకం కుదరలేదా? నేనైతే మొదటిసారి ఇంట్లో నీళ్ల టబ్‌లో అరగంట కూర్చుని చూసుకున్నా, మా ఆవిడ నవ్వింది గానీ సగం టెన్షన్ అక్కడే పోయింది.

బ్యాగ్‌కి ఫిల్టర్ రంధ్రం (లోపలి గ్యాస్ బయటికి పోయేది) ఉంటే డబ్బాలో వచ్చే బుల్లి స్టిక్కర్ దాని మీద అంటించండి, తడిస్తే ఫిల్టర్ పనిచేయదు. బయటికొచ్చాక దాన్ని పీకడం మరిచిపోతే గాలి నిండి బ్యాగ్ బెలూన్‌లా ఉబ్బుతుంది, అదో తంటా.

కడుపునిండా సంగటి తిని దిగొద్దు. దిగేముందు బ్యాగ్ ఖాళీ చేయండి.

బట్టలు ముదురు రంగువి, నడుము పైదాకా వచ్చేవి.

వెంట ఇంకో బ్యాగ్ (స్టోమా సైజుకి రంధ్రం ఇంట్లోనే కత్తిరించి), మెత్తటి తువ్వాలు, చెత్తకి ఒక కవరు. ఇలియోస్టమీ (చిన్నపేగు నుంచి పెట్టిన స్టోమా) ఉన్నవాళ్లకి ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా తగ్గిపోతాయి కాబట్టి ఓఆర్‌ఎస్ కూడా.

తలకోన జలపాతం కిందికి వెళ్తే మాత్రం ధార నేరుగా పొట్టమీద పడకుండా వీపు తిప్పండి.