రోమన్ చరిత్ర, రాజకీయం, సాహిత్యం: మూడింటినీ కలిపి చదివే పద్ధతి

రోమ్ గురించి చదవాలనుకున్నవాళ్లు చాలామంది ఆ నగరాన్ని స్థాపించాడని చెప్పే రోములస్‌తో, క్రీ.పూ. 753తో మొదలుపెట్టి, కార్తేజ్ యుద్ధాలు దాటకముందే ఆపేస్తారు. మొదలుపెట్టిన చోటే ఆధారాలు మరీ పల్చగా ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. రోములస్ కథను వివరంగా చెప్పే చరిత్రకారుడు లివీ, మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం మనిషి. ఆ కథ జరిగిందని చెప్పుకునే రోజులకూ ఆయనకూ మధ్య ఏడు వందల ఏళ్ల దూరం ఉంది. ఆయన రాసిన 142 సంపుటాల్లో మనకు దక్కినవి 35 (1 నుంచి 10, 21 నుంచి 45). అందుకని ఆధారాలు దట్టంగా ఉన్న చోట దిగి, అక్కణ్నుంచి ముందుకూ వెనక్కూ వెళ్లండి. అలాంటి చోటు క్రీ.పూ. 63.

మొదటి పని: ఒక కుట్ర, ఇద్దరు సాక్షులు

ఆ ఏడాది కాన్సుల్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకరు) సిసెరో. కాన్సుల్ ఎన్నికల్లో వరసగా రెండేళ్లు ఓడిన కాటిలైన్ తిరుగుబాటుకు కూడగట్టాడు. దీని మీద సిసెరో చేసిన నాలుగు ప్రసంగాలున్నాయి, చరిత్రకారుడు సాలస్ట్ రాసిన చిన్న గ్రంథమూ ఉంది. ముందు సాలస్ట్‌ను ఒక్క ఊపున చదవండి, కథ చేతికొస్తుంది. తర్వాత సిసెరో ఒకటో ప్రసంగం, నాలుగో ప్రసంగం. ఆపైన మళ్లీ సాలస్ట్‌కు వచ్చి 51, 52 అధ్యాయాలు నిదానంగా చదవండి. పట్టుబడ్డ కుట్రదారులను ఏం చేయాలన్న దానిపై సెనేట్‌లో (మాజీ అధికారుల సలహా సభ) సీజర్, కేటో చేసిన వాదనలు అక్కడ ఉన్నాయి.

చదివేటప్పుడు నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోండి: ఏం చెప్పారు, ఎప్పుడు రాశారు, అలా చెప్పడం వల్ల రాసినవాడికి ఒరిగేదేమిటి. రెండో గడి నింపగానే విషయం మారిపోతుంది. ప్రసంగాలు చేసింది క్రీ.పూ. 63 నవంబరు, డిసెంబరుల్లో. కానీ తన కాన్సుల్ ఏడాది ప్రసంగాలను ఒక చోట చేర్చి మిత్రుడు అట్టికస్‌కు పంపే సంగతి సిసెరో క్రీ.పూ. 60 నాటి ఉత్తరంలో రాస్తాడు. అప్పటికి, పౌరులను విచారణ లేకుండా చంపించాడన్న నింద ఆయన మెడకు చుట్టుకుంటోంది. నాలుగో ప్రసంగాన్ని ఆ నిందకు జవాబుగా కూడా చదవాలి. ఆ నిందే క్రీ.పూ. 58లో ఆయన్ను ప్రవాసానికి పంపింది. సాలస్ట్ సీజర్ పక్షాన పనిచేసినవాడు, రాసింది సీజరూ సిసెరో ఇద్దరూ పోయాక. ఆయన గ్రంథంలో పెద్ద ప్రసంగాలు సీజర్‌కు, కేటోకు దక్కాయి. ఆ రోజు సభకు అధ్యక్షత వహించిన సిసెరో మాటలు అక్కడ కనపడవు.

పేజీ నంబర్లు రాసుకోవద్దు, అనువాదం మారితే అవి పనికిరావు. పుస్తకం, అధ్యాయం సంఖ్యలు రాసుకోండి. చరిత్రకారుడు టాసిటస్ రాసిన 'అన్నల్స్' 1.10 అంటే ఏ అనువాదంలోనైనా ఒకటో పుస్తకం, పదో అధ్యాయమే. మూలం కూడా పక్కన ఉండాలనుకుంటే లోబ్ క్లాసికల్ లైబ్రరీ ముద్రణలు వాడండి: ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు. లాటిన్‌కు ఎర్ర అట్ట, గ్రీకుకు పచ్చ అట్ట.

రాజకీయం: పదవుల పేర్లు వదిలి లెక్కలు పట్టుకోండి

క్వెస్టర్ (ఖజానా అధికారి), ప్రేటర్ (న్యాయాధికారి), కాన్సుల్ అని వరస బట్టీ పడితే వారంలో మర్చిపోతారు. లెక్క వేస్తే గుర్తుంటుంది. నియంత సుల్లా సంస్కరణల తర్వాత ఏటా 20 మంది క్వెస్టర్లు, 8 మంది ప్రేటర్లు, ఇద్దరే కాన్సుల్స్. క్వెస్టర్‌కు 30 ఏళ్లు, ప్రేటర్‌కు 39, కాన్సుల్‌కు 42 నిండాలి. పైకి వెళ్లేకొద్దీ దారి ఇలా ఇరుకవుతుంటే అభ్యర్థులు అప్పులు చేసి మరీ డబ్బు వెదజల్లారు. కాటిలైన్ కసి ఎక్కడిదో ఈ అంకెలే చెబుతాయి.

ఓట్లనూ అలాగే లెక్కపెట్టండి. కాన్సుల్స్‌ను ఎన్నుకునే సభలో 193 సెంచరీలు (ఓటర్ల బృందాలు), ఒక్కో సెంచరీకి ఒక్కో ఓటు. ఆస్తిపరుల సెంచరీలు ముందు ఓటేస్తాయి. ఆధిక్యం తేలగానే ఓటింగ్ ఆపేస్తారు, కాబట్టి పేదల వంతు చాలాసార్లు రానే రాదు. తెగల సభలో 35 తెగలుంటే 31 గ్రామీణం, 4 నగరానివి. నగరంలో ఎంత జనం ఉన్నా వాళ్ల వాటా ఆ నాలుగే. ట్రిబ్యూన్లు (సామాన్యుల తరఫు ప్రతినిధులు) పదిమంది, అందులో ఏ ఒక్కడైనా వీటో చేయవచ్చు.

సెనేట్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. దాన్ని నేటి పార్లమెంటులా ఊహించుకుంటారు. చట్టం చేసేది ప్రజాసభలు. సెనేట్ ఇచ్చేది సలహా, అయితే ఆ సలహాను కాదనడానికి గుండె ధైర్యం కావాలి. సిసెరో ఆ సలహా అండతోనే ఐదుగురిని చంపించాడు. అది చాలుతుందా అన్నదే తర్వాతి గొడవంతా. ఆప్టిమేట్స్ (సెనేట్ పెద్దరికాన్ని నిలబెట్టేవాళ్లు), పాపులారెస్ (ప్రజాసభల ద్వారా పని సాధించేవాళ్లు) అన్న మాటలు కనబడితే వాటిని పార్టీలుగా తీసుకోకండి. వాటికి సభ్యత్వం లేదు, మేనిఫెస్టో లేదు. ఒకే మనిషి కొన్నేళ్ల తేడాలో రెండు దారులూ తొక్కవచ్చు.

అగస్టస్: ఒకే సంగతి, రెండు గొంతులు

రెండో సాధనకు అగస్టస్ సొంతంగా రాసుకున్న 'రెస్ గెస్టే' తీసుకోండి. 35 చిన్న అధ్యాయాలు, ఒక పూట పని. దీని ప్రతి అంకారాలోని ఆలయ గోడ మీద లాటిన్‌లోనూ గ్రీకులోనూ చెక్కి ఉంది. మొదటి వాక్యంలోనే, పందొమ్మిదేళ్ల వయసులో సొంత నిర్ణయంతో, సొంత ఖర్చుతో సైన్యాన్ని కూడగట్టి, ఒక ముఠా పీడ నుంచి దేశాన్ని విడిపించానంటాడు. ఇప్పుడు టాసిటస్ 'అన్నల్స్' 1.9, 1.10 తెరవండి. అగస్టస్ చనిపోయినప్పుడు జనం ఏమనుకున్నారో రెండు పక్షాలుగా చెబుతాడు. విమర్శించేవాళ్ల మాటల్లో అదే సైన్యం, ఏ పదవీ లేని కుర్రాడు మాజీ సైనికులకు డబ్బిచ్చి పోగేసిన దండు అవుతుంది. జరిగిన దాని మీద ఇద్దరికీ తగాదా లేదు, పెట్టిన పేరులోనే తేడా. అలాంటి జంటలు ఇంకో మూడు మీరే పట్టుకోండి. 'రెస్ గెస్టే'లో ఎవరి పేర్లు లేవో కూడా జాబితా రాయండి: అగస్టస్‌కు ప్రత్యర్థి అయిన ఆంటోనీ, సీజర్‌ను చంపిన బ్రూటస్, కాసియస్. టాసిటస్ రాసింది అగస్టస్ పోయిన సుమారు వందేళ్లకని మూడు గడుల్లో నమోదు చేయడం మరవద్దు.

కావ్యాలు ఎక్కడ కలపాలి

అగస్టస్ చేతిలో ఉండగానే ఆ కాలపు కవి వర్జిల్‌ను మొదలుపెట్టండి. ట్రాయ్ వీరుడు ఈనియస్ కథ చెప్పే ఆయన కావ్యం 'ఈనిడ్' 12 పుస్తకాలు. మొత్తానికి సమయం లేకపోతే 2, 4, 6, 12 చదవండి. ఆరో పుస్తకంలో పాతాళంలో ఈనియస్‌కు తండ్రి చెబుతాడు: లొంగినవారిని కాపాడు, గర్వించినవారిని అణచు. పన్నెండో పుస్తకం చివర ఓడిపోయిన శత్రువు టర్నస్ ప్రాణభిక్ష అడుగుతాడు, ఈనియస్ అతణ్ని చంపేస్తాడు, కావ్యం అక్కడే ముగుస్తుంది. ఈ రెండు చోట్లనూ ఒకే బిగిన చదివితే, వర్జిల్ అగస్టస్ భజనపరుడన్న తీర్పు అంత తేలిగ్గా నోటికి రాదు. కవి హోరేస్‌ను చదివేముందు ఆయన క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధంలో అగస్టస్‌కు ఎదురుగా, బ్రూటస్ వైపు పోరాడాడని గుర్తుంచుకోండి. మరో కవి ఓవిడ్‌ను క్రీ.శ. 8లో నల్లసముద్రం ఒడ్డునున్న టోమిస్‌కు వెళ్లగొట్టారు. కారణం ఒక కావ్యం, ఒక పొరపాటు అని ఆయనే రాశాడు, ఆ పొరపాటేమిటో చెప్పలేదు. ఆ ఖాళీని ఊహతో నింపే వ్యాసాలు కనబడితే పక్కన పెట్టండి.

తరచూ తప్పేవి

తేదీలు: సున్నా ఏడాది లేదు. అగస్టస్ పుట్టింది క్రీ.పూ. 63 సెప్టెంబరు 23, పోయింది క్రీ.శ. 14 ఆగస్టు 19. 63, 14 కలిపి ఒకటి తీసేస్తే 76. పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి వయసు 75. రోమన్లు రోజులను రెండు కొసలూ కలిపి లెక్కపెడతారు: మార్చి ఐడ్స్ (నెల మధ్య రోజు) 15న అయితే, దానికి 'మూడో రోజు ముందు' అంటే 13.

పేర్లు: ఆక్టేవియన్‌ను (తర్వాత అగస్టస్ అయింది ఇతనే) క్రీ.పూ. 44 తర్వాతి రచనల్లో సీజర్ అనే పిలుస్తారు. ఏడాది చూడకుండా సీజర్ ఎవరో తేల్చకండి. ఆడపిల్లలకు వంశం పేరే పేరు కావడంతో జూలియస్ సీజర్ మేనత్త, అక్కచెల్లెళ్లు, కూతురు అందరూ జూలియాలే. చిన్న వంశవృక్షం గీసుకోక తప్పదు.

డబ్బు: నేటి కరెన్సీలోకి మార్చకండి, ఆ లెక్కకు అర్థం లేదు. జీతాలతో పోల్చండి. నాలుగు సెస్టెర్స్‌లు ఒక డెనారియస్. అగస్టస్ కాలంలో సాధారణ సైనికుడి ఏడాది జీతం 900 సెస్టెర్స్‌లు. సెనేటర్‌కు ఉండాల్సిన కనీస ఆస్తి 10 లక్షలు, అంటే ఆ సైనికుడి సుమారు 1,100 ఏళ్ల జీతం.

లాటిన్, శాసనాలు

లాటిన్ లేకుండానే పైదంతా చదవవచ్చు. నేర్చుకోవాలనిపిస్తే శాసనాలతో మొదలుపెట్టడం సులువు. వాక్యాలు పొట్టివి, సంక్షిప్తాలు పదేపదే వచ్చేవే. రోమ్‌లోని పాంథియన్ ఆలయం ముఖం మీద ఉన్నది ఇది: 'లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్‌గా, కట్టించాడు.' తండ్రి పేరు ఒక్క అక్షరంలో, 'కొడుకు' ఒక్క అక్షరంలో, 'కాన్సుల్' మూడు అక్షరాల్లో ఉంటాయి. అగ్రిప్పా మూడోసారి కాన్సుల్ అయింది క్రీ.పూ. 27లో. కానీ ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడం చక్రవర్తి హేడ్రియన్ పాలనలో పూర్తయింది, దాని ఇటుకల మీది ముద్రలు క్రీ.శ. రెండో శతాబ్దివి. పాత కట్టడం మీది పేరును కొత్తదాని మీద మళ్లీ పెట్టారు. అందుకే ఏ శాసనానికైనా రెండు తేదీలు రాయండి: రాత చెప్పే తేదీ ఒకటి, రాయీ ఇటుకా చెప్పే తేదీ ఇంకొకటి.