ఇనుప రజనుతో వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇనుప కడ్డీకి నిప్పు పెట్టినా అంటుకోదు కదా, రజను మాత్రం ఏం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. తిప్పలన్నీ ఆ ధీమాతోనే వస్తాయి. ఇనుము ఎంత సన్నగా నలిగితే గాలి తగిలే ఉపరితలం అంత పెరుగుతుంది. పిండిలా మెత్తటి రజను కుప్పగా ఉంటే లోలోపల రాజుకుంటుంది, గాలిలోకి లేస్తే భగ్గుమంటుంది. అందుకే దీన్ని తడవనివ్వకూడదు, లేవనివ్వకూడదు. కింద చెప్పే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే పుడతాయి.

డబ్బా ముట్టుకుంటే వెచ్చగా ఉంది

లోపలికి తేమ చేరింది. ఇనుము తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. కడ్డీ మీద ఆ వేడి మనకు తెలియను కూడా తెలియదు. కుప్ప నడిమిలో మాత్రం బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది. ఉప్పు తగిలితే తుప్పు ఇంకా జోరందుకుంటుంది. చలికి చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లలో ఇనుప పొడి, ఉప్పు, నీళ్లు కలిపేది ఇందుకే. లేత్ మెషీన్ దగ్గర పోగయ్యే ఇనుప తురుమును కూడా రవాణా నిబంధనల్లో తనంతట తాను వేడెక్కే సరుకుగానే లెక్కిస్తారు.

చల్లారుతుందని నీళ్లు పోయకండి. పారతో తిరగేయకండి, కొత్త గాలి తగిలి వేడి ఇంకా పెరుగుతుంది. డబ్బా మామూలు వెచ్చగా, కదపగలిగేలా ఉంటే జాగ్రత్తగా ఆరుబయటికి చేర్చి, కాలే వస్తువులేవీ దగ్గర లేకుండా చూడండి. మూత బిగించకుండా వదులుగా ఉంచండి. వేడి తగ్గుతోందా పెరుగుతోందా అన్నది దూరం నుంచే గమనించండి. పెరుగుతున్నా, పొగ కనిపించినా అది ఇక నిప్పు కిందే లెక్క.

డబ్బా లోపలికి నొక్కుకుపోయింది, లేదా ఉబ్బింది

ఈ రెండింటి కారణాలు వేరు. గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్. గట్టిగా మూసిన డబ్బాలో తడి రజను దాన్ని తుప్పుగా మార్చేసుకుంటే లోపల ఒత్తిడి పడిపోయి గోడలు లోపలికి వంగుతాయి. ఉబ్బిందంటే హైడ్రోజన్ పుట్టిందని అనుమానించాలి. యాసిడ్ తగిలినా, గాలి అందని చోట నీళ్లు నిలిచినా అది పుడుతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంతున్నా అంటుకునే వాయువు అది. ఉబ్బిన డబ్బాను ఆరుబయట, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా, ముఖం పక్కకు తిప్పుకుని మెల్లగా వదులు చేయాలి. సుత్తి, ఉలి వాడొద్దు.

నొక్కుకుపోయిన డబ్బా మరో సంగతి కూడా చెబుతోంది. తుప్పు ఇలా ఆక్సిజన్‌ను లాగేసుకోవడం ఓ మూసిన గదిలోనో, ట్యాంకులోనో, ఓడ అడుగు గదిలోనో జరిగితే లోపలికి దిగిన మనిషికి ఊపిరి అందదు. వాసన రాదు, దగ్గు రాదు, నేరుగా స్పృహ తప్పుతుంది. మీటరుతో కొలవకుండా దిగకండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే అసలు దిగొద్దు. పడిపోయిన వాళ్లను లాగుదామని శ్వాస పరికరం లేకుండా దిగితే రెండో ప్రాణం కూడా పోతుంది.

రజను అంటుకుంది

పెద్ద మంట కనిపించకపోవచ్చు. కుప్ప మీద ఒకచోట ఎర్రటి మచ్చ కణకణలాడుతూ మెల్లగా పక్కకు పాకుతుంది. చేయి వెంటనే నీళ్ల బకెట్ మీదికి పోతుంది. ఆగండి. బాగా కాలిన ఇనుము ఆవిరిని విడగొట్టి హైడ్రోజన్‌ను వదులుతుంది. పైగా నీటి ధాటికి రజను ఎగిరి మేఘమవుతుంది. మామూలు ఎక్స్‌టింగ్విషర్లతోనూ ఇదే బాధ, వాటి ఒత్తిడి పొడిని చెదరగొడుతుంది.

బాగా ఆరిన ఇసుక, ఆరిన ఉప్పు, లేదా లోహాల మంటల కోసం చేసిన క్లాస్ డి పొడి వాడాలి. పొడవాటి పిడి ఉన్న చేటపారతో అంచుల నుంచి మొదలుపెట్టి, విసరకుండా, మందంగా పరుచుకుంటూ రావాలి. ఇసుకలో తేమ ఉండకూడదు, ఇది ముందే చూసుకోవాల్సిన విషయం. కప్పాక కెలకొద్దు. పైన గట్టి పెచ్చు కట్టి చల్లారినట్టే ఉంటుంది, దాని కింద గంటల తరబడి ఎర్రగానే ఉంటుంది.

మంట గొట్టాల్లోనో, దుమ్ము లాగే యంత్రంలోనో ఉంటే మీరు ఆర్పబోకండి. అందర్నీ బయటికి పంపి ఫైర్ వాళ్లకు ఫోన్ చేయండి. మొదటి మాటే "కాలుతున్నది ఇనుప పొడి" అని చెప్పండి.

దూలాల మీద, లైట్ల మీద దుమ్ము పొర

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే, ఎందుకంటే ఎవరూ పైకి చూడరు. 2011లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, గాలటిన్‌లో ఇనుప పొడి తయారుచేసే ఓ కర్మాగారంలో కొద్ది నెలల్లోనే మూడుసార్లు మంటలు లేచి ఐదుగురు చనిపోయారు. జనవరిలో పొడిని పైకి మోసే బకెట్ ఎలివేటర్‌ను మళ్లీ నడిపిస్తే ఆ అదురుకు లేచిన దుమ్ము అంటుకుంది. మేలో హైడ్రోజన్ గొట్టం లీకై పేలితే, ఆ ధాటికి పైనున్న దుమ్ము రాలి కార్మికుల మీద మండింది.

కింది పెయింట్ రంగు కనిపించనంత పొర ఉంటే పని ఆపి శుభ్రం చేయాలి. కంప్రెసర్ గాలితో ఊదొద్దు. ఇళ్లలో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని మోటారు స్పార్కే చాలు. మండే దుమ్ము కోసం తయారైన, ఎర్తింగ్ ఉన్న వ్యాక్యూమ్ గానీ, మెత్తటి సహజ కుచ్చు బ్రష్షు గానీ వాడండి. రజనును ఒక డ్రమ్ము నుంచి ఇంకోదానికి ఒంపేటప్పుడు రెండింటినీ తీగతో కలిపి ఎర్తింగ్ ఇవ్వండి.

ఇనుమునూ అల్యూమినియాన్నీ రుద్దే గ్రైండర్ల దుమ్మును ఒకే తొట్టిలోకి లాగొద్దు. తుప్పు, అల్యూమినియం పొడి కలిస్తే థెర్మైట్ తయారవుతుంది, రైలు పట్టాలను అతికించడానికి వాడే, విపరీతమైన వేడితో మండే మిశ్రమం అది.

స్విచ్ బోర్డు ఊరికే ట్రిప్ అవుతోంది

రజను కరెంటును మోస్తుంది, మోటార్ల అయస్కాంతాలకు అంటుకుంటుంది. కరెంటు తీసేసి, ప్యానెల్ శుభ్రం చేయించి, దుమ్ము చొరబడని మూత పెట్టించండి.

కంట్లో పడింది

నలపకండి. శుభ్రమైన నీళ్లతో ధారగా కడగండి. గుచ్చుకుని ఉంటే అయస్కాంతంతో లాగే ప్రయత్నం చేయొద్దు, అది కన్ను కోసుకుంటూ బయటికి వస్తుంది. చిన్న నలకే కదా అని వదిలేస్తే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో తుప్పు వలయం కడుతుంది, దాన్ని కంటి డాక్టరే తీయాలి. ఎప్పుడైనా కంట్లో ఇనుము పడిన వాళ్లు ఎంఆర్ఐ తీయించుకునే ముందు ఆ సంగతి అక్కడి సిబ్బందికి తప్పకుండా చెప్పాలి. కంట్లో మిగిలిపోయిన ముక్క ఎంఆర్ఐ యంత్రపు అయస్కాంత బలానికి కదలవచ్చు.