సురికాటాలో ఒకే పని చేసే రూల్స్‌ని ఏరి తీసేయడం ఎలా

సురికాటా అంటే నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని రూల్స్‌తో పోల్చి, దాడిలా కనిపిస్తే అలర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్, అది నడిచే మెషీనే సెన్సర్. ఆ సెన్సర్ సీపీయూ ఎప్పుడు చూసినా ఫుల్లు, ప్యాకెట్ డ్రాప్స్ పెరుగుతున్నాయి, ఒక్క రిక్వెస్ట్‌కి నాలుగు అలర్ట్‌లు వస్తున్నాయి. ఇలాంటప్పుడు చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, ఆరు నెలలుగా ఒక్కసారీ మోగని రూల్స్ అన్నీ పీకేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. రూల్ మోగలేదంటే ఆ దాడి మీ మీద ఇంకా జరగలేదేమో, అంతే. ఒక రూల్ డూప్లికేట్ అనాలంటే, అది పట్టుకునేదంతా పట్టుకునే ఇంకో రూల్ ఏదో ఎస్ఐడి (రూల్ గుర్తింపు) నంబరుతో సహా చూపించగలగాలి. చూపించలేకపోతే దాని జోలికి పోవద్దు.

ఇక్కడ రాసేది సురికాటా, ఈటీ ఓపెన్ (ఎమర్జింగ్ థ్రెట్స్ వాళ్ల ఉచిత) రూల్స్ వాడేవాళ్ల కోసం. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ స్నార్ట్ అయితే ఫైళ్ల పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

ముందు సులువుగా దొరికేవి చూద్దాం. ఈటీతో పాటు స్నార్ట్ కమ్యూనిటీ రూల్స్ కూడా లోడ్ చేసి ఉంటే అక్కడే కొన్ని జంటలు దొరుకుతాయి. ఈటీలో జీపీఎల్ అనే మాటతో మొదలయ్యేవి పాత స్నార్ట్ రూల్సే, పాత నంబరుకి 2100000 కలిపారు. ఐడీ కమాండ్‌కి రూట్ అని జవాబు వెళ్లిందా అని చూసే రూల్ స్నార్ట్‌లో 498, ఈటీలో 2100498. ఒకే ఎస్ఐడి రెండుసార్లు వస్తే రూల్స్ తెచ్చి కలిపే సురికాటా-అప్‌డేట్ కొత్త రివిజన్‌ని ఉంచుకుంటుంది కానీ, నంబర్లు వేరైతే దానికి అవి రెండు వేర్వేరు రూల్సే. చిన్న స్క్రిప్ట్‌తో జంటలు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి, ఎందుకంటే మధ్యలో ఎవరో ఒకదాన్ని మార్చి ఉండొచ్చు.

అసలు చెత్త మాత్రం మన లోకల్ రూల్స్ ఫైల్లోనే ఉంటుంది. 2021 డిసెంబర్‌లో లాగ్4జె (జావా లాగింగ్ లైబ్రరీలో బయటపడ్డ లోపం) గొడవ వచ్చినప్పుడు ప్రతి టీమూ టెన్షన్‌లో దొరికిన రూల్ దొరికినట్టు అతికించింది. ఆ వెంటనే ఈటీ వాళ్లు కూడా మంచి రూల్స్ ఇచ్చారు, కానీ మనవి ఎవరూ తీయలేదు. వీటిలో కంటెంట్ (అచ్చంగా వెతకాల్సిన స్ట్రింగ్) అన్నదే లేకుండా ఒట్టి పీసీఆర్ఈతో (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో) రాసినవి ఉంటే ముందు వాటిని చూడండి. కంటెంట్ ఉంటే ముందస్తు ప్యాటర్న్ వెతుకులాటలోనే చాలా ట్రాఫిక్ వడపోత అయిపోతుంది, లేకపోతే ఆ రూల్ తన ప్రోటోకాల్, పోర్టులకి సరిపోయిన ప్రతిదాని మీదా పూర్తిగా నడవాలి. ఇంజిన్ ఎనాలిసిస్ ఆప్షన్‌తో సురికాటా నడిపితే ఇలాంటివి రిపోర్టులో దొరుకుతాయి.

తర్వాతది కొంచెం ఓపిక కావాల్సిన పని. సురికాటా అలర్ట్‌లు రాసే ఈవ్ జేసన్ లాగ్ నుంచి ఒక నెల అలర్ట్‌లు తీసుకుని ఫ్లో (ఒక్కో కనెక్షన్) ఐడీ వారీగా గుంపులు చేయండి. 'అ' మోగిన ప్రతి ఫ్లోలోనూ 'ఆ' కూడా మోగుతోందంటే 'అ' మీద అనుమానం పెట్టుకోవచ్చు. అనుమానమే, తీర్పు కాదు. మళ్లీ లాగ్4జె సంగతే తీసుకోండి, ఈటీలో హెచ్‌టీటీపీకి ఒక రూలు, టీసీపీకి ఒక రూలు, యూడీపీకి ఒక రూలు ఉన్నాయి, మామూలు వెబ్ రిక్వెస్ట్‌లో దాడి వస్తే మొదటి రెండూ కలిసే మోగుతాయి, మీ నెల లాగ్‌లో అవి విడిగా ఎప్పుడూ కనపడకపోవచ్చు. అలాగని టీసీపీది తీసేస్తే రేపు వెబ్ కాని ఏదో సర్వీసు మీద అదే స్ట్రింగ్ వస్తే చూసేవాడు ఉండడు. కాబట్టి లాగ్ చూపించిన జంటని రూల్ టెక్స్ట్‌లో కూడా రుజువు చేసుకోవాలి: ప్రోటోకాల్, దిశ, పోర్టులు, ఏ బఫర్‌లో (యూఆర్ఎల్, హెడర్ లాంటి భాగంలో) వెతుకుతోంది, కంటెంట్ ఏమిటి. వీటన్నిటిలోనూ ఒకటి ఇంకోదాని లోపలే ఉంటేనే లోపలిది అదనం. అప్పుడు కూడా లోపలిది మాల్వేర్ పేరు చెప్పి, బయటిది ఊరికే 'అనుమానాస్పదం' అని వదిలేస్తుంటే, పేరు చెప్పేదాన్ని తీయడం నాకైతే ఇష్టం ఉండదు.

ఈ డబుల్ అలర్ట్‌ల వల్ల విసుగొక్కటే కాదు నష్టం. సురికాటా డిఫాల్ట్‌గా ఒక ప్యాకెట్‌కి 15 అలర్ట్‌లే పెట్టుకుంటుంది, దాటినవి పోతాయి. స్టాట్స్‌లో అలర్ట్ క్యూ ఓవర్‌ఫ్లో కౌంటర్ సున్నా కాకపోతే ఈ పని వాయిదా వేయకండి.

ఒక్కో డొమైన్‌కి ఒక్కో రూల్ రాసుకుంటూ పోయినవాళ్లు వాటన్నిటినీ డేటాసెట్‌లోకి (విలువల జాబితాలోకి) మార్చి ఒకే డీఎన్ఎస్ క్వెరీ రూల్‌తో సరిపెట్టుకోవచ్చు. స్ట్రింగ్ రకం డేటాసెట్ ఫైల్లో ప్రతి డొమైన్‌నీ బేస్64 ఎన్‌కోడింగ్‌లో రాయాలి, మామూలుగా రాస్తే పని చేయదు. పైగా పోలిక అచ్చంగా ఉంటుంది కాబట్టి సబ్‌డొమైన్లు తగలవు, అవి కావాల్సిన చోట పాత రూల్ ఉంచుకోండి.

గోల చేసే రూల్ వేరు, డూప్లికేట్ రూల్ వేరు. 2013504 ఉంది చూడండి, లినక్స్ మెషీన్ ఏపీటీతో ప్యాకేజీలు తెచ్చుకున్నప్పుడల్లా మోగేది. దాన్ని థ్రెషోల్డ్ ఫైల్లో ఆ సర్వర్ల ఐపీలకి సప్రెస్ చేస్తే చాలు. కాకపోతే సప్రెస్ వల్ల అలర్ట్ ఆగుతుంది గానీ మ్యాచింగ్ జరుగుతూనే ఉంటుంది, సీపీయూ తగ్గాలంటే డిసేబులే చేయాలి.

డిసేబుల్ చేసేది సురికాటా-అప్‌డేట్ చదివే డిసేబుల్ కాన్ఫ్ ఫైల్లోనే. తయారైన రూల్స్ ఫైల్లో చేత్తో కామెంట్ పెడితే తర్వాతి అప్‌డేట్‌లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. తీసే ముందు ఆ రూల్ ఏదైనా ఫ్లోబిట్ (ఇతర రూల్స్ చూసుకునే గుర్తు) సెట్ చేస్తోందా చూడండి. నోఅలర్ట్ అని ఉండి ఎప్పుడూ కనపడని రూల్, ఇంకో ముఖ్యమైన రూల్‌కి ఆధారం అయి ఉండొచ్చు.

తర్వాత సురికాటాని టెస్ట్ మోడ్‌లో నడిపి, దాచి ఉంచుకున్న పీక్యాప్‌లని (రికార్డు చేసిన ట్రాఫిక్ ఫైళ్లని) పాత రూల్స్‌తో ఒకసారి, కొత్తవాటితో ఒకసారి నడిపి రెండు లాగ్‌లు పోల్చండి. అలర్ట్‌ల సంఖ్య తగ్గాలి, కానీ అంతకుముందు కనీసం ఒక అలర్ట్ వచ్చిన దాడి ఫ్లో ఏదీ ఇప్పుడు ఖాళీగా ఉండకూడదు. ఉంటే ఆ రూల్ వెనక్కి పెట్టేయండి, వాదన అనవసరం.

డిసేబుల్ ఫైల్లో ప్రతి నంబరు పైన, దాని పని ఏ ఎస్ఐడి చేస్తోందో ఒక కామెంట్ రాయండి. రేపు ఈటీ వాళ్లే ఆ రూల్‌ని ఆపేస్తే, మీరు తీసేసింది మళ్లీ కావాలి. అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ కామెంట్లలోని నంబర్లు రూల్స్‌లో ఇంకా ఆన్‌లోనే ఉన్నాయా అని చూసే స్క్రిప్ట్ ఒకటి క్రాన్‌లో (టైము ప్రకారం నడిపే షెడ్యూలర్‌లో) పెట్టుకోండి.